మిషిగన్ అడవిలో మంచె

2023 సెప్టెంబర్ మాసంలో నేనూ మా ఆవిడా మిషిగన్‌లో ఉన్న మా అబ్బాయి ఇంటికి వెళ్లాము. లాన్సింగ్ పట్టణానికి అరగంట దూరంలో, ఇరువైపులా మొక్కజొన్న, సోయా చేలు ఉన్న రోడ్డు ప్రక్కన వారి ఇల్లు. అమెరికా అంటే ఆకాశాన్నంటే మేడలని ఊహించుకొని విమానం ఎక్కిన మాకు ఆ చేలు, చేల చివర అడవి, ఆ నిశ్శబ్దం చూస్తే వింతగా తోచింది. "ఇంత దూరం వచ్చి మళ్లీ చేలగట్టు మీదే దిగాము కదండీ" అన్నది మా ఆవిడ.

రెండవ రోజు ఉదయం కాఫీ త్రాగుతూ ఉండగా ప్రక్క ఆవరణలో నుండి "టక్" మని ఒక శబ్దం వినిపించింది. కొంతసేపటికి మళ్లీ "టక్". బయటికి వెళ్లి చూస్తే పొరుగింటి పెద్దాయన తన పశువుల కొట్టం పై అంతస్తు తలుపులో నిలబడి, క్రింద గడ్డిలో పెట్టిన ఒక దిమ్మ మీదికి బాణాలు వేస్తున్నాడు. వయస్సు అరవై ఎనిమిది. కార్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. నలభై ఎకరాల ఆసామి. అందులో సగం కౌలుకిచ్చాడు, సగం అడవి. నన్ను చూసి చెయ్యి ఊపి, నిచ్చెన దిగి వచ్చాడు. దిగేటప్పుడు ఎడమ కాలు కొంచెం ఈడ్చడం నేను గమనించాను. అటువంటి నడక నాకు చిన్ననాటి నుండి తెలుసు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మిషిగన్‌లో విల్లుతో జింకలను వేటాడే కాలం అక్టోబర్ 1న మొదలవుతుంది. నవంబర్ 15న తుపాకుల వేట మొదలయ్యే దాకా అడవి విలుకాండ్రదే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత జింకను కొట్టడం నేరం. అందుచేత మొదట నాకు మనస్సు ఒప్పలేదు. అక్కడి పరిస్థితి వేరని ఆయన చెప్పాడు. పంతొమ్మిదవ శతాబ్దం చివరికి ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో జింకలు దాదాపు కనుమరుగైపోయాయట. ఆ తరువాత వేటకు లైసెన్సులు, కాలాలు, లెక్కలు పెట్టి కాపాడితే ఇప్పుడు రాష్ట్రమంతటా ఇంచుమించు ఇరవై లక్షలకు పెరిగాయి. వాటిని తినే తోడేళ్లు దక్షిణాన లేవు. 2022లో ఒక్క మిషిగన్‌లోనే జింకలు వాహనాలకు అడ్డం వచ్చి జరిగిన ప్రమాదాలు 58 వేలకు పైబడ్డాయి. మా అబ్బాయి కారుకు ముందు భాగం ఎందుకు క్రొత్తగా ఉందో అప్పుడు తెలిసింది. ఆ సంగతి వాడు మాకు ఫోనులో చెప్పనే లేదు!

ఆయన చేతిలోని విల్లు మన వైపు విల్లులా లేదు. మాది నల్లమల అంచున మార్కాపురం వైపు పల్లె. చెంచుల వెదురు విల్లు నాకు బాగా తెలుసు. దీనికేమో రెండు కొసలకూ చిన్న చక్రాలు, వాటి చుట్టూ తాళ్లు ఉన్నాయి. మిస్సోరీకి చెందిన హోలిస్ విల్బర్ ఆలెన్ అనే ఆయన కనిపెట్టిన ఈ విల్లుకు 1969లో పేటెంట్ వచ్చింది. లాగడం మొదలుపెట్టినప్పుడు యాభై, అరవై పౌన్ల బరువు లాగినట్లుంటుంది గాని, పూర్తిగా లాగిన తరువాత ఆ చక్రాలు తిరిగి, చేతి మీద అందులో నాలుగవ వంతో అంతకంటె తక్కువో మిగులుతుంది. అందువల్ల జింక సరిగా నిలబడే దాకా గురి పట్టి ఆగవచ్చు. నన్ను లాగి చూడమన్నాడు. సగం కూడా రాలేదు. మా ఆవిడ కిటికీలో నుండి చూస్తూనే ఉంది.

కొట్టం పైనుండి ఎందుకు వేస్తున్నారని అడిగాను. "వేటనాడు నేను నేల మీద ఉండను కదా" అన్నాడు. ముప్పై ఐదేళ్లు లెక్కలు చెప్పిన వాడిని కాబట్టి నాకు ఇది బాగా నచ్చింది. ఇరవై అడుగుల ఎత్తులో ఉండి, చెట్టు మొదలుకు అరవై అడుగుల దూరంలోని జింకను చూస్తే, కంటికీ జింకకూ మధ్య దూరం పైథాగరస్ లెక్కన అరవై మూడు అడుగులు. కాని బాణం క్రిందికి జారే లెక్క నేల మీది అరవై అడుగులకే. ఎత్తు పెరిగి, జింక దగ్గరయ్యే కొద్దీ ఈ తేడా పెరుగుతుంది. తెలియనివాడు జింక వీపు మీదుగా వేస్తాడు. రెండవది, క్రిందికి వేసేటప్పుడు చేతులు దించకూడదు, నడుము దగ్గర వంగాలి. ఆగస్టు నుండి ప్రతి ఉదయం పది బాణాలు, అంతకు మించి వేయడు. అలసిన చేత్తో వేస్తే తప్పు అలవాటవుతుందట. వేటకు వాడే ములికి మంగలి కత్తి వలె ఉంటుంది. గురి తప్పి జింక గాయంతో పారిపోతే అది ఎక్కడో బాధపడి చస్తుంది. "నాకు నమ్మకమున్న దూరం ఇరవై ఐదు గజాలు. ఇరవై ఆరవ గజంలో దేశంలోకెల్లా పెద్ద కొమ్ముల జింక నిలబడినా అది నాది కాదు" అన్నాడు. సండే స్కూలులో ఏశావు కథ చెప్పేటప్పుడు విల్లు, అమ్ములపొది అని చెప్పుకుంటూ పోయేవాడినే గాని, ఆ వేటకు ఎంత సిద్ధపాటు కావాలో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ శనివారం తన మంచెలు సరిచూసుకోవడానికి వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. వారు ట్రీ స్టాండ్ అంటారు. నాకు అవి మంచెలే. మా అబ్బాయి కూడా వచ్చాడు.

అడవిలో మేపుల్, హికరీ, ఓక్ చెట్లు. ఆకులు అప్పుడప్పుడే రంగు తిరుగుతున్నాయి. ఆయన నడుస్తూ నడుస్తూ ఆగి చూపించేవాడు. ఒకచోట సన్నటి చెట్టుకు మోకాలి ఎత్తులో బెరడు ఊడి లోపలి తెలుపు కనిపిస్తున్నది. మగ జింక కొమ్ములు రాచుకున్న గుర్తు అది. ఇంకొక చోట నేల రాలిన ఓక్ కాయల మధ్య గిట్టల జాడలు. ఓక్‌లో తెల్ల ఓక్, ఎర్ర ఓక్ అని రెండు జాతులు. తెల్ల ఓక్ కాయలో వగరు తక్కువ కాబట్టి జింకలు ముందు దానినే వెతుక్కుంటాయట. మన పశువులు మాత్రం తుమ్మకాయ ఏ చెట్టుది మంచిదో ఎరుగవా? మేత పోసి జింకలను మంచె క్రిందికి రప్పించడం ఆ ప్రాంతంలో 2019లో నిషేధించారు. జింకలకు వచ్చే ఒక ప్రాణాంతకమైన మెదడు జబ్బు 2015లో లాన్సింగ్ దగ్గరలోనే బయటపడింది. గుంపుగా ఒకచోట మూతులు పెడితే అది అంటుకుంటుందని ఈ కట్టుబాటు. అందుచేత జింక నడిచే దారి తెలిసినవాడికే వేట.

గాలి సంగతి కూడా చెప్పాడు. జింక ముక్కును మోసం చేయలేము. ప్రొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది, సాయంత్రం చల్లబడి పల్లానికి దిగుతుంది. అందుకని ఉదయపు మంచె ఒకటి, సాయంకాలపు మంచె ఒకటి, పడమటి గాలి వీచే రోజుకు ఇంకొకటి పెట్టుకున్నాడు. వేట బట్టలు వాసన లేని సబ్బుతో ఉతికి, మూత ఉన్న డబ్బాలో ఎండుటాకులు వేసి దాస్తాడు. అవి ఇంట్లో వంటగది దరిదాపులకు రాకూడదు.

మొదటి మంచె ఓక్ చెట్టుకు పదహారు అడుగుల ఎత్తున ఉంది. నిచ్చెన, పైన మనిషి కూర్చునేటంత ఇనుప పీట, పాదాలకు చిన్న పలక. అన్నీ నైలాను పట్టీలతో చెట్టుకు బిగించి ఉన్నాయి. ఆయన ఎక్కలేదు. ముందు చెట్టును చుట్టి వచ్చాడు. చెట్టు బ్రతికే ఉందా, పైన ఎండుకొమ్మ ఏదైనా వ్రేలాడుతున్నదా అని చూశాడు. నిచ్చెన అడుగున పట్టీని వేళ్లతో పట్టి అంగుళం అంగుళం తడిమాడు. ఒకచోట ఆగి నన్ను పిలిచాడు. ఉడుత కొరికింది. సగం పోగులు తెగి పీచులా లేచి ఉన్నాయి. దూరానికి పట్టీ క్రొత్తదిలాగే ఉంది.

"ఎండకు ఇది పైకి బాగానే ఉండి లోపల చచ్చిపోతుంది. చెట్టు లావెక్కినా బిగిసి తెగుతుంది. అందుకే బాగున్నా సరే, ప్రతి ఏడూ అన్నీ మారుస్తాను" అన్నాడు.

నాకు కాళ్లలో సత్తువ పోయినట్లయింది. ఒక మొద్దు మీద కూర్చున్నాను. మా అబ్బాయి మంచినీళ్ల సీసా తెచ్చి ఇచ్చి, "ఎండ దెబ్బేమో నాన్నగారూ" అన్నాడు. ఎండ కాదు.

1974లో నాకు పదహారేళ్లు. మా జొన్నచేనికి అడవి పందుల బెడద. నాలుగు తుమ్మ గుంజలు పాతి, అడ్డకర్రలు కట్టి, పైన రెల్లు కప్పిన మంచె ఉండేది. రాత్రిళ్లు అన్నయ్య దాని మీద పడుకొని, డబ్బా కొట్టి పందులను అదిలించేవాడు. క్రిస్మస్ సెలవులకు హాస్టలు నుండి ఇంటికి వచ్చిన నాతో మా నాన్నగారు, "తూర్పు మూల కట్టు పాతబడింది, క్రొత్త తాడు కొట్టంలో పెట్టాను, మార్చిరా" అన్నారు. వెళ్లి చూశాను. తాడు నల్లబడి ఉంది గాని చేత్తో లాగితే గట్టిగానే ఉంది. ఆ సాయంకాలం గుడిలో క్రిస్మస్ పాటల అభ్యాసం. రేపు మారుద్దాంలే అని వెళ్లిపోయాను. అర్ధరాత్రి పందుల అలికిడికి అన్నయ్య లేచి ఆ మూలకు వచ్చాడు. కట్టు తెగింది. తెల్లవారి పాలు పితకడానికి వెళ్లినవారు చూసే దాకా చేనిలోనే పడి ఉన్నాడు. ఎముక అతికింది గాని కాలు పొట్టిదైంది. పోలీసు ఉద్యోగానికి ఎంపిక పరీక్షలకు పోవలసినవాడు సేద్యంలోనే ఉండిపోయాడు. నేను చదువుకొని ఉపాధ్యాయుడినయ్యాను. తాడు సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నాన్నగారు కూడా అడగకుండానే పోయారు.

అక్కడ మొద్దు మీద కూర్చొని ఈ మాటలు మా అబ్బాయికి చెప్పాను. వాడికి అదే మొదటిసారి వినడం. పొరుగాయనకు వాడు ఇంగ్లీషులో చెబుతుంటే ఆయన తన తుంటి మీద చెయ్యి వేసుకొని విన్నాడు. "నాది ఇదే అడవిలో, మూడవ మంచె" అన్నాడు. నాలుగేళ్ల క్రితం సాయంత్రం మసక చీకట్లో దిగుతూ, పీట మీది నుండి నిచ్చెన మెట్టు మీదికి కాలు మార్చేటప్పుడు జారాడు. కూర్చున్నంతసేపు నడుముకు తాడు ఉన్నది. దిగేటప్పుడు విప్పేశాడు. పడేవారిలో చాలామంది ఎక్కేటప్పుడో దిగేటప్పుడో, ఆ ఒక్క అడుగు మార్చేటప్పుడో పడతారట. తుంటి విరిగి నాలుగు గంటలు ఆకుల్లో పడి ఉన్నాడు. భార్యకు ఆయన ఏ మంచెకు వెళ్లాడో తెలియదు. ఒక్కొక్క మంచె దగ్గరకూ టార్చిలైటుతో కేకలు వేసుకుంటూ వెళ్లింది. మూడవది చివరిది.

ఇప్పుడు ఆయన పద్ధతి వేరు. రెండు భుజాలకూ, రొమ్ముకూ, రెండు తొడలకూ పట్టీలున్న హార్నెస్ ఇంటి దగ్గరే తొడుక్కుంటాడు. ప్రతి మంచెకూ, తలకంటె ఎత్తులో చెట్టుకు కట్టి నేల దాకా వదిలిన ఒక లావుపాటి తాడు ఉంటుంది. దాని మీద చిన్న తాడుతో వేసిన ముడి ఒకటి. చేత్తో నెడితే జారుతుంది, బరువు పడి గుంజితే పట్టేస్తుంది. హార్నెస్‌ను ఆ ముడికి నేల మీదే తగిలించుకొని ఎక్కుతాడు, నేల మీదికి దిగాకనే విప్పుతాడు. రెండు చేతులూ ఒక కాలు, లేదా రెండు కాళ్లూ ఒక చెయ్యి, ఎప్పుడూ మూడు చోట్ల పట్టు ఉండాలి. విల్లు చేత పట్టుకొని ఎక్కడు. బాణాలను మూతగల పొదిలో పెట్టి, విల్లుతో పాటు క్రింద వదిలి, పైకి వెళ్లాక సన్నటి తాడుతో చేదుకుంటాడు. పడితే హార్నెస్ ఆపుతుంది సరే, ఆ తరువాతి ప్రమాదం నాకు క్రొత్త విషయం. కదలకుండా వ్రేలాడితే తొడల పట్టీలు ఒత్తుకొని కాళ్లలోని రక్తం పైకి రాదు. కొద్దిసేపటికే స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకని కాలు పెట్టి నిలబడేందుకు ఒక పట్టీ జేబులో పెట్టుకుంటాడు. ఈల, ఫోను ఎప్పుడూ మీది జేబులోనే.

ఆ ముడిని చూస్తే మా ప్రాంతపు గీత కార్మికుల మోకు గుర్తుకు వచ్చింది. వారు దించే కల్లును మేము ముట్టము గాని, తాటిచెట్టు మీది నుండి పడి చచ్చిన వారి పిల్లలు నా తరగతిలో కూర్చున్నారు. మేము తిరిగి వచ్చాక, 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్ష అను పేరుతో గీత కార్మికులకు హార్నెస్, తాళ్లు ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టిందని పత్రికలో చదివినప్పుడు, ఆ బొమ్మను కత్తిరించి మా అబ్బాయికి పంపాను.

మూడు మంచెలకూ పట్టీలు మార్చడానికి సాయంత్రమైంది. నిచ్చెన అడుగున పట్టుకునే పని నాకు ఇచ్చారు. గట్టిగా పట్టుకున్నాను.

ఆయన భార్యతో మా ఆవిడకు స్నేహం కుదిరింది. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చినా వంటగది దగ్గర ఇబ్బంది లేదు. "మళ్లీ ఎందుకు పంపుతున్నావు?" అని మా ఆవిడ సూటిగా అడిగేసింది. ఆమె నవ్వి, వెళ్లవద్దంటే మానేస్తాడు గాని కిటికీ దగ్గర కూర్చొని నవంబర్ దాకా అడవినే చూస్తుంటాడు, అది నేను చూడలేను అన్నదట. దానికి బదులు తన షరతులు పెట్టింది. ఫ్రిజ్ తలుపు మీద చేతితో గీసిన అడవి పటం ఒకటి అంటించి ఉంటుంది. మంచెలకు 1, 2, 3 అని అంకెలు. ప్రక్కన కాగితం మీద ఏ మంచె, ఎన్ని గంటలకు దిగుతాడు అన్నది వ్రాసి గాని గడప దాటకూడదు.

ఆ ఏడు అక్టోబర్ 1 ఆదివారం అయింది! పదిన్నరకు ఆరాధన. తొమ్మిదికి ఇంట్లో ఉంటానని మాట ఇచ్చాడు. అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు ఉదయించేసరికి ఏడున్నర దాటుతుంది. అంతకు అరగంట ముందు నుండే బాణం వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. నాకు నిద్ర పట్టక ఐదున్నరకే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. రెండు రోజుల క్రితమే పున్నమి వెళ్లింది. వెన్నెలలో ఆయన చేను దాటి అడవిలోకి వెళ్లడం కనిపించింది.

తొమ్మిది గంటలకు ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడింది. తొమ్మిదీ ఐదు. తొమ్మిదీ పది. ఆమె లోపలికి వెళ్లి కారు తాళాలు తెచ్చుకుంది. నేనూ మా అబ్బాయీ చెప్పులు వేసుకున్నాము. నాకు 1974 నాటి ఆ తెల్లవారు జాము, చేనిలో ఎవరో పెట్టిన కేక, అన్నీ చెవుల్లో మ్రోగుతున్నాయి. తొమ్మిదీ ఇరవైకి చేను చివర ఆయన తల కనిపించింది. కాలు ఈడ్చుకుంటూ, తీరికగా, భుజాన విల్లుతో వస్తున్నాడు. జింక లేదు.

దిగుదామనుకునే సమయానికి ఒక ఆడ జింక రెండు పిల్లలతో సరిగ్గా ఆయన చెట్టు క్రిందికే వచ్చి ఓక్ కాయలు తినసాగిందట. దానిని వేసే ఉద్దేశ్యం లేదు, కదిలి బెదరగొట్టడానికి మనస్సు రాలేదు. ఇరవై నిమిషాలు ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. ఫోను తియ్యాలన్నా చెయ్యి కదపాలి కదా అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. వంటగదిలోకి వెళ్లి కాగితం మీద 9:00 కొట్టివేసి 9:20 అని వ్రాసింది. ఆ తరువాత అరగంట ఆయనతో మాట్లాడలేదని మా ఆవిడ చెప్పింది.

ఆ రాత్రి ఎనిమిదింటికి అన్నయ్యకు ఫోను చేశాను. మన వైపు సోమవారం తెల్లవారి ఐదున్నర. ఆయన అప్పటికే లేచి గొడ్ల దగ్గర ఉన్నాడు. మంచెల సంగతి, హార్నెస్ సంగతి అన్నీ చెప్పాను. "నడుముకు, తొడలకు అన్ని తాళ్లు కట్టుకుంటే ఆయనకు కునుకెట్లా పడుతుందిరా?" అని నవ్వాడు. నవ్వు ఆగాక, తూర్పు మూల కట్టు మార్చమని నాన్నగారు నాకు చెప్పారని, నేను మార్చలేదని చెప్పాను. నలభై తొమ్మిదేళ్ల తరువాత.

అవతల కొంతసేపు గొడ్ల మెడగంటలు మాత్రమే వినబడ్డాయి.

"క్రొత్త తాడు కొట్టంలో అట్లాగే ఉందని నేనూ చూశానురా ఆ పొద్దు," అన్నాడు. "నువ్వు పాటలకు పోయావని అమ్మ చెప్పింది. నేనే కట్టుకోవలసింది. ఒక్క రాత్రికి ఏమౌతుందిలే అని ఎక్కాను." తరువాత గొంతు సవరించుకొని, "అది సరే గాని, దుప్పి పడిందా లేదా, అది చెప్పు ముందు" అన్నాడు.

పడలేదన్నయ్యా అన్నాను.